ఇంటిపన్ను రసీదు

మన యిండ్లకు వచ్చు కాగితములలో మిక్కిలి యనాదరమునకు గురియగునది ఇంటిపన్ను రసీదు. శుభలేఖను దేవుని గూటిలో నుంచుదుము. పట్టాదారు పుస్తకమును పెట్టెలో పెట్టి తాళము వేయుదుము. పిల్లవాని మార్కుల కాగితమునకు పటము కట్టించువారు కూడ కలరు. ఇంటిపన్ను రసీదు మాత్రము చేతికి వచ్చిన మరుక్షణముననే కిటికీ చువ్వల సందునకో, పాలవాని లెక్కకాగితముల నడుమకో చేరును. మరుసటి యేడు పంచాయతీ గుమాస్తా వాకిట నిలిచి పాతబాకీ యున్నదని చెప్పిన దినమున ఇల్లంతయు తలక్రిందులు చేసి వెదకుదుము. అది దొరకదు. రెండవమాఱు సొమ్ము కట్టి, అతనిని నాలుగు మాటలని, క్రొత్త రసీదును గూడ ఆ చువ్వల సందుననే పెట్టుదుము.

నేను బడిపంతులను. ఆత్రేయపురములో నా పేర నొక పెంకుటిల్లు కలదు. దాని పన్ను రసీదులను ఏటేట సూదిని దారముతో గ్రుచ్చి భద్రపఱచుచున్నాను. మా బావగారు వచ్చినపుడెల్ల ఆ దండను చూచి "అవేమైనా తాళపత్రాలా బావా?" అని హాస్యమాడుదురు. ఆయన పట్టణవాసి, రాష్ట్రరాజకీయములు కరతలామలకము, తన వీధిదీపమునకు బాధ్యులెవ్వరో మాత్రము ఎఱుగరు. ఆయనకు నేను చెప్పు సమాధానమునే ఇచట కొంచెము విస్తరించి వ్రాయుచున్నాను.

సబ్బుబిళ్ల కొన్నను, చొక్కాగుడ్డ కొన్నను, బండిలో పెట్రోలు పోయించినను నేను ప్రభుత్వములకు పన్ను చెల్లించుచునే యున్నాను. ఎంత చెల్లించితినో నాకు తెలియదు. అది యెవరికి చేరినదో తెలియదు. దానిని గుఱించి యెవరి నడుగవలెనో అంతకన్న తెలియదు. ఇంటిపన్ను సొమ్ము అట్టిది కాదు. దానిని పుచ్చుకొన్నవారు నేను నిత్యము నడచు వీధిలోనే నడతురు. నేను కొను కొట్టులోనే పప్పు కొందురు. వారిని నేను పేరు పెట్టి పిలిచి "నా సొమ్మేమి చేసితిరి?" అని యడుగగలను. నేనిచ్చు ధనములో నా కంటియెదుట నిలిచి లెక్క చెప్పవలసిన వారికి చేరునది యీ కొంచెమే. ఆ కొంచెమునకు సాక్ష్యము రసీదు.

రసీదును చదివియుండని వారికొఱకు దానిలోని గడులను చెప్పెదను. ఇంటిపన్ను ఒకటి, వీధిదీపముల పన్ను, నీటిపన్ను, మురుగుకాలువల పన్ను, చివర గ్రంథాలయపు పన్ను. ఈ కడపటిది 1960 నాటి గ్రంథాలయముల చట్టముచే ఏర్పడినది. ఇంటిపన్నులో రూపాయికి 8 పైసలు. పంచాయతీ దీనిని వసూలుచేసి జిల్లా గ్రంథాలయసంస్థకు అప్పగింపవలెను. మన యిండ్లలో ఏడాదికొక పుస్తకమైనను కొననివారు గూడ తమకు తెలియకయే పుస్తకములకు చందాదారులైయున్నారు. ఈ మాట చెప్పినపుడు మా బావగారు సహితము కొంతసేపు ఊరకుండిరి.

ఇక మాయూరి సంపద యెచటికి పోవుచున్నదో చూడుడు. ఆత్రేయపురమనగానే తెలుగువారికి పూతరేకులు జ్ఞప్తికి వచ్చును. బోర్లించిన కుండ క్రింద మంట పెట్టి, పలుచని బియ్యపు పాలలో తడిపిన గుడ్డను కుండమీద పఱచి తీయగనే కాగితమువంటి రేకు లేచును. ఆ పొయ్యి యెదుట గంటలకొలది కూర్చుండి రేకులు తీయువారు మా యాడువారు. 2023లో దీనికి భౌగోళిక సూచిక గుర్తింపు వచ్చినది. కాని యా పెట్టెమీద వేయు పన్ను, 2017 జూలైలో వస్తుసేవల పన్ను వచ్చినది మొదలు, సగము ఢిల్లీకి, సగము రాష్ట్రమునకు పోవును. ఊరికి మిగులునవి కడుగునీళ్లు, కుంపటిపొగ, కొనవచ్చినవారి బండ్లు, వారు తిని పాఱవైచిన అట్టపెట్టెలు. పన్ను పైకి పోయినది, చెత్త యిచటనే నిలిచినది. 1994 నాటి పంచాయతీరాజ్ చట్టములో కొలగారమను పాత పన్ను పేరు నేటికిని కనబడును. ఊరిలో పండిన వస్తువు ఊరిలో కొలిచి యమ్మినపుడు ఊరికి రావలసిన పన్ను అది. ఆ పదమున కర్థము మా బడిలోని తెలుగు పండితులను సహితము అడిగి చూచితిని. నిఘంటువు తెఱవవలసి వచ్చినది.

నా జీతమునుండి నెలకు 200 రూపాయలు వృత్తిపన్ను క్రింద తగ్గింతురు. రాజ్యాంగపు 276వ యధికరణము ఏడాదికి 2,500 రూపాయలు మించరాదని దీనికి హద్దు పెట్టినది. ఈ పన్ను 1987వఱకు మన రాష్ట్రమున పంచాయతీలును, పురపాలకసంఘములును వేసికొనుచుండెడివి. ఆ యేట చట్టము చేసి రాష్ట్రప్రభుత్వము దానిని తన చేతిలోనికి తీసికొన్నది. నేనే కేరళములోనో తమిళనాటనో పంతులనైనచో ఈ వృత్తిపన్ను నేను పాఠము చెప్పు ఊరి పంచాయతీకే చేరియుండును. అక్కడి పంతులు తన బడిముందటి గుంటను జూచి "ఇందులో నా పన్నున్నది" అని యనగలడు. నా బడిముందటి గుంటలో నా పన్ను లేదు, వాననీరు మాత్రమున్నది.

ఇసుక కథ యింకను దీర్ఘమైనది. గోదావరి మా మండలము నొరసికొని పోవుచున్నది. ఇసుక లారీలు మా రోడ్లను త్రొక్కి పిండిచేయును. ఇసుక ఉచితమని 2016లో, సంస్థద్వారమున అమ్మవలెనని 2019లో, మరల ఉచితమని 2024లో రాజధానిలో నిర్ణయములు జరిగినవి. ఏ పద్ధతి మంచిదో వాదించుట నా యుద్దేశము కాదు. ఏ నిర్ణయమునకు ముందైనను ఏటియొడ్డు గ్రామసభను పిలిచి "మీ రోడ్డుమాట యేమి?" అని యడిగినవారు లేరు. "అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కుతినా తిననివ్వదు" అను సామెత యిట్టి స్థితికొఱకే పుట్టినదేమో.

పన్ను పేరెత్తగనే మనకు కోపము వచ్చును గాన ఇచట నొక పాత సంగతి చెప్పవలెను. 1921లో చీరాల, పేరాల గ్రామముల ప్రజలు, తమపై బలవంతముగా రుద్దిన పురపాలకసంఘమునకు పన్ను చెల్లింపమని, దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి నాయకత్వమున ఇండ్లు విడిచి ఊరివెలుపల పాకలు వేసికొని, దానికి రామనగరమని పేరిడి నెలలతరబడి నివసించిరి. పసిపిల్లలు, బాలింతలు, ముసలివారు ఎండకును వానకును ఓర్చిరి. ఈ కథను మనము పన్ను నిరాకరణ కథగా పిల్లలకు చెప్పుచున్నాము. నాకు అంతమాత్రముగా తోచదు. పాకలలో నున్నపుడు వారు తమ వీధులను తామే ఊడ్చుకొనిరి, తమ తగవులను తామే తీర్చుకొనిరి. ఊరిపని చేయుటకు వారికి విముఖత లేదు. తమ్మడుగక తమపై పన్ను వేయుటయే వారికి సహింపలేదు. కడకు వారు తిరిగి యిండ్లకు రావలసివచ్చినది. ప్రభుత్వము తన పట్టు విడువలేదు. అంతకు నలువదేండ్ల పూర్వము, 1882లో, రిప్పన్ ప్రభువు స్థానిక స్వపరిపాలన ప్రజలకు రాజకీయవిద్య నేర్పు బడి కావలెనని తీర్మానము వ్రాసెను. ఆ బడిలో ప్రశ్న వేసిన విద్యార్థులకు చీరాలలో దొరికిన బహుమానమిది.

స్వరాజ్యము వచ్చిన తరువాత చట్టములకు కొఱత లేదు. 1959లో సమితులు, జిల్లాపరిషత్తులు వచ్చినవి. 1964లో గ్రామపంచాయతీల చట్టము, 1986లో మండలములు, 1993 ఏప్రిల్ 24న 73వ రాజ్యాంగసవరణ అమలు, మరుసటి యేడు మన రాష్ట్రపు క్రొత్త చట్టము. సవరణ 29 విషయములను పంచాయతీలకు అప్పగింపదగినవిగా పట్టికలో చేర్చినది. "అప్పగింపదగిన" యను పదములోనే రహస్యమంతయు నున్నది. అప్పగింతల వేళ పెండ్లికుమార్తె చేయి పట్టుకొని విడువని తల్లిని చూచియున్నాము. ముప్పదియేండ్లు విడువని తల్లిని మాత్రము ఇచటనే చూచుచున్నాము.

మా మండలములోని బొబ్బర్లంకయొద్ద ఆనకట్టనుండి బయలుదేరు కాలువ లొల్ల లాకులకు వచ్చి, అచట పాయలై కోనసీమకు నీరిచ్చును. కాటను దొర 1852లో ముగించిన యానకట్ట నాటినుండి ఈ నీటిలెక్క మా రైతులకు తెలిసినదే. తలాపున ఎంత నీరున్నను శివారు పొలమునకు చేరునపుడే అది నీరు. నడుమ నొక లాకు దించినచో శివారువాడు ఆకాశమువైపు చూడవలసినదే. ఢిల్లీనుండి వచ్చు ఆర్థికసంఘపు నిధుల త్రోవయు నిట్టిదే. పదునాలుగవ ఆర్థికసంఘము 2015–20 నడుమ దేశములోని గ్రామపంచాయతీలకు 2,00,292 కోట్ల రూపాయలు నిర్ణయించినది. అంతటి ధారాళమైన యేర్పాటు అంతకుముందు లేదు. పదునేనవ సంఘము జిల్లా, మండల పరిషత్తులకు గూడ భాగమిచ్చి, 2021 మొదలు ఆ మొత్తములో నూటికి 60 వంతులు త్రాగునీటికిని పారిశుద్ధ్యమునకును మాత్రమే ఖర్చుచేయవలెనని కట్టడి చేసినది. ఈ కట్టడిని నేను తప్పుపట్టను. విడిచినచో మనవారు మురుగుకాలువకంటె ముందు స్వాగతద్వారము కట్టుదురు.

కాని 2021లో జరిగిన దానిని ఏమనవలెను? పంచాయతీలు విద్యుత్తుసంస్థలకు పడియున్న బాకీలకని, వాటి ఖాతాలలోనున్న ఆర్థికసంఘపు నిధులను రాష్ట్రప్రభుత్వము సర్దుబాటు చేసినది. ఒకనాటి ఉదయమున ఖాతా చూచుకొన్న సర్పంచులకు సొమ్ము కనబడలేదు. జిల్లా జిల్లాల వారు నిరసనలకు దిగిరి. బాకీ యున్నమాట నిజమే. వాడుకొన్న కరెంటుకు డబ్బు కట్టవలెననుటయు నిజమే. ఐనను, నా సంచిలోని సొమ్ము నాకు చెప్పక తీసి నా బాకీ తీర్చినవాడు ధర్మాత్ముడైనను, ఆ తరువాత ఆ సంచి నాదని నేననుకొందునా? దానికి నేను లెక్క వ్రాయుదునా?

నేను లోగడ పనిచేసిన యొక గ్రామముండెను. దాని పేరు చెప్పను. అచటి సర్పంచి యొక యువతి, పదవతరగతివఱకు చదివినది. వానకాలమున నీటిగొట్టము మురుగుకాలువలో విఱిగి, మా బడిపిల్లలలో పలువురు వాంతులు విరేచనములతో పడిరి. ఒక పిల్లను కాకినాడ తీసికొనిపోవలసివచ్చినది. నేను కోపముతో పంచాయతీ కచేరికి పోయితిని. ఆమె నన్ను కూర్చుండుమని, లెక్కయంత్రపు తెర నావైపు త్రిప్పి చూపినది. ఖాతాలో సొమ్మున్నది. గొట్టము బాగుచేయుటకు పెట్టిన బిల్లు పైకి పోయి చాలదినములైనది. "సొమ్ముంది మాస్టారూ, కాని నాది కాదండీ. సంతకం నాది, తిట్లు నావి," అని యామె నవ్వినది. ఆ నవ్వులో సంతోషము లేదు. బ్లీచింగు పొడి మాత్రము కొట్టువానియొద్ద తన పేర అరువు తెచ్చి చల్లించినది. కొట్టువాని పుస్తకములో ఆ పద్దు ఆమె భర్త పేర వ్రాసియున్నది. ఆడుదాని పేర అరువు వ్రాయుట అతని కలవాటు లేదట. కాకినాడనుండి పిల్ల మూడుదినములకు తిరిగివచ్చినది. బిల్లు రెండునెలలకు వచ్చినది.

ఇంతవఱకు పైవారిని అంటిని. ఇక మనయింటి సంగతి.

ఊరివారు పన్ను పెంచిన సర్పంచిని మరల గెలిపింపరు. కావున పెంచుటకు బదులు "నేను పన్ను పెంచలేదు" అని చెప్పుకొనుటయే ఆతని గొప్పతనమగుచున్నది. ఆ లోటు పైనుండి వచ్చు నిధులతో తీరును. పైనుండి వచ్చిన సొమ్ము ఎవరి సొమ్మును కాదు. దానిని తినినను మన కంచములోని మెతుకు పోయినట్లు మనకు తోచదు. ఏటియిసుకవలె అనిపించును. ఊరికి స్వంత సొమ్ము లేకుండుటవలన పనులు చెడుట చిన్న నష్టము. అడుగు నలవాటు చచ్చుట పెద్ద నష్టము. రోడ్డు గుంటలుపడినపుడు మనము "పాపము, పైనుండి రాలేదట" అనుకొని, లుంగీ ఎత్తిపట్టుకొని ప్రక్కనుండి పోవుదుము.

ఎన్నికలకును ఇదే గతి. 2018 ఆగస్టునుండి 2021వఱకు మన పంచాయతీలకు ఎన్నికైన సభలే లేవు, ప్రత్యేకాధికారులు నడపిరి. 2021 ఫిబ్రవరిలో ఎన్నికలు వచ్చినపుడు, పోటీలేక యేకగ్రీవముగా ఎన్నుకొన్న గ్రామములకు జనసంఖ్యనుబట్టి 5 లక్షలు మొదలు 20 లక్షలవఱకు బహుమానమని ప్రభుత్వము ప్రకటించినది. కలహములు తగ్గునను సదుద్దేశమే కావచ్చును. కాని యొక బడిలో పరీక్ష వ్రాయని తరగతికి బహుమాన మిత్తునని ప్రధానోపాధ్యాయుడు ప్రకటించినచో పిల్లల చదువేమగును? 2019 అక్టోబరు 2న కరపలో మొదలైన గ్రామసచివాలయములవలన ధ్రువపత్రములకొఱకు మండలకచేరి చుట్టు తిరుగుట తగ్గినది. ఆ మేలును నేను స్వయముగా పొందితిని. ఐతే ఆ యుద్యోగులలో ఒక్కరిని గూడ పంచాయతీ నియమింపలేదు, జీతమీయదు. ఒకే ఊరిలో రెండు కచేరులు. ఒకదానికి మనుష్యులున్నారు, మఱియొకదానికి మాటయున్నది.

2024లో మఱియొక చిత్రము బయటపడినది. స్వాతంత్ర్యదినమునాడు జెండాపండుగకు చిన్న పంచాయతీ ఖర్చుపెట్టదగినది 100 రూపాయలు, పెద్ద పంచాయతీ 250 రూపాయలట! ఆ యేట దానిని 10,000, 25,000 రూపాయలకు పెంచిరి. పిల్లలకు మిఠాయి దొరకినందుకు నేనును సంతోషించితిని. కాని 100 అని నిర్ణయించినది రాజధాని. 10,000 అని నిర్ణయించినదియు రాజధానియే. తన జెండాకు త్రాడెంత కొనవలెనో ఊరు నిర్ణయించుకొనరాదా? అదే ఆగస్టు 23న రాష్ట్రములోని 13,326 పంచాయతీలలోను ఒక్కదినముననే గ్రామసభలు జరిపిరి. ఉత్సాహము చూడముచ్చటగా నుండెను. మఱి రెండవ సభ?

చట్టము ప్రకారము గ్రామసభ యేడాదికి రెండుసార్లైనను కూడవలెను. గడచిన యేటి జమాఖర్చును, ఆడిటు నివేదికను, క్రొత్త పన్ను ప్రతిపాదనలను ప్రజల యెదుట పెట్టవలెను. నేను చూచిన గ్రామసభలలో తఱుచుగా జరుగునది యిది. రావిచెట్టు క్రింద పదునైదు కుర్చీలు. కార్యదర్శి ఊపిరి తిరుగకుండ అంకెలు చదువును. పింఛను రాలేదని యొక అవ్వ లేచును; ఆమెకు సమాధానము చెప్పునంతలో టీ వచ్చును. సంతకముల పుస్తకము మరునాడు ఇంటింటికి పోవును. అంకెలలో నేమున్నదో విన్నవారు లేరు. వినుపించవలెనని చదివినవారును లేరు.

ఊరికి సొమ్మిమ్మనినపుడు వచ్చు ఆక్షేపణలలో ఒకదానిని మాత్రము నేను తేలికగా త్రోసివేయలేను. 1948 నవంబరు 4న రాజ్యాంగసభలో అంబేద్కరుగారు పల్లెను పొగడువారిని కఠినముగా ఖండించిరి. పల్లె సంకుచితత్వమునకును, అజ్ఞానమునకును, కులద్వేషమునకును నిలయమని వారి యభిప్రాయము. ఆ నెలలోనే సంతానము గారి సవరణచే పంచాయతీలకు రాజ్యాంగపు 40వ యధికరణములో స్థానము దొరకినది గాని, ఆక్షేపణ అచటనే నిలిచియున్నది. 2022నుండి మా జిల్లాకు ఆ మహనీయుని పేరే యున్నది. పేరు పెట్టుకొన్న తరువాత వారి ప్రశ్నకు జవాబు చెప్పవలసినది కూడ మేమే. సంచిని ఊరికిచ్చుట యనగా ఊరిలో నెవరికిచ్చుట? నీటిగొట్టము ఏ వీధివఱకు వచ్చి ఆగినదో చూచినచో ఏ ఊరి చరిత్రయైనను తెలియును. పేట మొగదలవఱకు సిమెంటురోడ్డు, అటుపై బురద, ఇది నేను ఒక్క ఊరిలో చూచినది కాదు.

దీనికి సొమ్ము ఊరికీయకుండుట సమాధానము కాదని నా నమ్మకము. రాజధానియందలి సంచిలోనుండి గూడ పేటకు రోడ్డు రాలేదు గదా. లెక్కను ఊరిమొత్తముగాగాక వీధివీధికి విడదీసి వ్రాయవలెను. ఏ వీధిలో ఎంత పన్ను వసూలైనది, ఏ వీధిలో ఎంత ఖర్చైనది, రెండు అంకెలు చాలును. అవి బడిగోడమీద సున్నముపై నల్లరంగుతో, మూరెడు అక్షరములతో వ్రాయవలెను. తెలుగులో వ్రాయవలెను. ఇప్పుడు లెక్కలన్నియు కంప్యూటరులో అందఱికి అందుబాటులో నున్నవని చెప్పుదురు; పొయ్యియెదుట రేకులు తీయు మా ఎదురింటి పిన్నిగారికి అది ఏ విధముగా అందుబాటో నాకు బోధపడలేదు. ఆమె నీళ్లకు పోవు త్రోవలో గోడయున్నది. సగము స్థానములు స్త్రీలకని చట్టము చెప్పుచున్నది. సర్పంచి కుర్చీ ప్రక్కన భర్త కుర్చీ వేయు నాచారమును మాన్పుటకు చట్టము చాలలేదు; వీధిలెక్క చదువగల పదుగురు స్త్రీలు సభలో ముందువరుసను కూర్చుండిరా, ఆ రెండవ కుర్చీ తనంతట తానే వెనుకకు జరుగును.

కాంచీపురము దగ్గఱ ఉత్తరమేరూరులో పరాంతకచోళుని నాటి, పదవ శతాబ్దపు శాసనమొకటి కలదు. కుండలో పేరులు వ్రాసిన యాకులు వేసి, పసివానిచేత తీయించి సభ్యులను ఎన్నుకొను విధానము దానివలన ప్రసిద్ధికెక్కినది. నా కంతకంటె ముఖ్యముగా తోచినది అందలి యొక నిషేధము. ఒకమాఱు సంఘములో పనిచేసి లెక్క యప్పగింపనివాడును, వాని దగ్గఱి బంధువులును మరల ఆ కుండలో పేరు వేయరాదు. బంధువులను గూడ చేర్చిన యా శాసనకర్త మన దేశమును బాగుగా నెఱిగినవాడు. ఆ సభ భూమియు వేదవిద్యయు గల బ్రాహ్మణుల సభ. అందు స్త్రీకి గాని, ఊరిలో కాయకష్టము చేయువానికి గాని చోటు లేదు. అది తిరిగి రావలెనని నేను కోరను, రానీయను. ఆ నిషేధమొక్కటి మాత్రము నేటి సర్పంచునకు, శాసనసభ్యునకు, నిధుల బిల్లు ఆపినవానికి గూడ సమముగా వర్తించినచో చూడవలెనని యున్నది.

వృత్తిపన్నును తిరిగి ఊళ్లకిండనియు, ఇసుకలో, రిజిస్ట్రేషనులో ఊరికి రావలసిన భాగము ఎవరి దయయు లేకయే నెలనెల ఖాతాలో పడునట్లు చేయుడనియు, దానికి ప్రతిగా ఊరివారు నిజమైన విలువమీద ఇంటిపన్ను కట్టవలెననియు నేను మిత్రులతో వాదించుచుందును. కడపటి మాట చెప్పగనే మిత్రులు లేచి చెప్పులు వెదకుకొందురు. నా యింటి విలువ గూడ పంచాయతీ పుస్తకములో చాల తక్కువగానే యున్నదనియు, పెంచినచో కట్టుటకు సిద్ధముగా నున్నాననియు చెప్పినను నమ్మరు.

నేనిప్పుడు పనిచేయు ఊరి బడిలో ఎనిమిదవతరగతి పిల్లలకు, ఇంటికి పోయి పన్ను రసీదు వెదకి, అందులోని గడులను లెక్కపుస్తకములో ఎక్కించుకొని రండని చెప్పితిని. తండ్రులకంటె తల్లులకే రసీదున్నచోటు తెలిసియుండెను. పేటనుండి వచ్చు నొక బాలిక అంకెలన్నియు వ్రాసి, కూడిక సరిచూచి, క్రింద నొక పంక్తి చేర్చినది: "మా వీధిలో దీపము లేదు. దీపపు పన్ను ఎందుకు ఉంది?" నేను దానికి మార్కులు వేయలేదు. ఆ ప్రశ్ననే తెల్లకాగితముమీద వ్రాయించి, ఆమె తల్లిచేత సంతకము పెట్టించి పంచాయతీకి పంపితిమి. మూడువారములకు ఆ వీధిలోని స్తంభమునకు దీపము వచ్చినది. మీట పెట్టలేదు కాబోలు, పగలు రాత్రి వెలుగుచునే యున్నది. మొన్న సోమవారము ఆ పిల్ల మరల పుస్తకము తెచ్చి చూపినది. ఈమాఱు ప్రశ్న, పగటివేళ కాలుచున్న దీపమునకు కరెంటు బిల్లు ఎవరి సొమ్ములోనుండి కట్టుదురని. అది గూడ తెల్లకాగితముమీదికి ఎక్కినది.